కాళ్ళతో డప్పు కొట్టిన బిల్ రాబిన్సన్

 

ఈ నెల గోడ పత్రికలో గొప్పవారి జీవితం రాసే వంతు నాకు వచ్చింది. ఇంతవరకు మన గోడ మీద గాంధీ గారు, అల్లూరి సీతారామరాజు గారు, కొమురం భీమ్ గారు, సావిత్రీబాయి ఫూలే గారు వచ్చేసేరు. నేను మాత్రం ఒక డాన్సు చేసే ఆయన గురించి రాస్తున్నాను. డాన్సు చేసేవాళ్ళు గొప్పవాళ్ళు ఎలాగవుతారని మా బెంచీలో అడిగేరు. అంతా చదివేక మీరే చెప్పండి.

ఆయన పేరు బిల్ రాబిన్సన్. జనం బోజాంగిల్స్ అని పిలుచుకునేవారు. అమెరికా దేశంలో పుట్టిన నల్లజాతి మనిషి. ట్యాప్ డాన్స్ అనే నాట్యంలో చాలా పేరు పొందిన వారు. మా సోషల్ మేడమ్ బానిసత్వం పాఠం చెప్పిన రోజు సాయంత్రం ఫోనులో ఒక పాత సినిమా ముక్క చూపించేరు. అందులో ఈయన ఒక చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని మెట్లెక్కుతూ దిగుతూ డాన్సు చేస్తారు. నేను మూడుసార్లు చూసేను. ఆ తర్వాత మేడమ్ని అడిగి, లైబ్రరీలో పుస్తకం తీయించి ఈ వ్యాసం రాసేను.

నేను ఆగస్టు నుంచి డాన్సు టీములో నిలబడటం లేదని మీకందరికీ తెలుసు. కాలు నొప్పి అని చెప్పేను. అది అబద్ధం. అసలు సంగతి చివర్న రాస్తాను.

ట్యాప్ డాన్స్ అంటే ఏమిటి?

బూట్ల అడుగున చెక్క గాని, లోహపు రేకు గాని బిగించుకుని గట్టి నేల మీద మునివేళ్ళతోను, మడమతోను చప్పుడు చేస్తూ ఆడే నాట్యమే ట్యాప్ డాన్స్. ఇది చూసే డాన్సే కాదు, వినే డాన్సు కూడా. కళ్ళు మూసుకున్నా డప్పు వాయిస్తున్నట్టే వినపడుతుంది.

ఇది పుట్టిన కథ చాలా బాధగా ఉంటుంది. పూర్వం ఆఫ్రికా నుంచి మనుషుల్ని ఓడల్లో పట్టుకొచ్చి అమెరికాలో అమ్మేవారు. వాళ్ళకి డప్పంటే ఆటకీ పాటకీ మాత్రమే కాదు, దూరంగా ఉన్నవాళ్ళకి కబురు పంపడానికి కూడా. 1739వ సంవత్సరంలో సౌత్ కరోలినా అనే చోట బానిసలు తిరగబడ్డారు. డప్పులు కొట్టుకుంటూ దారెంట నడిచేరు. దొరలు ఆ తిరుగుబాటును అణిచేసి, 1740లో బానిసలు డప్పులు వాయించకూడదని చట్టం చేసేరు.

డప్పు తీసేసుకుంటే ఏటి చేస్తారు? చేతులతో తొడలు కొట్టుకున్నారు. కాళ్ళతో నేలను కొట్టేరు. తర్వాత ఐర్లండు, ఇంగ్లండు నుంచి వచ్చిన పేదవాళ్ళు గట్టి బూట్లతో, చెక్క చెప్పులతో వేసే అడుగులు కూడా వీటిలో కలిసేయి. అలా చాలా ఏళ్ళకి ట్యాప్ డాన్స్ అయ్యింది.

ఇది చదివినప్పుడు మా ఊరి థింసా గుర్తొచ్చింది. డప్పు, తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ములు లేకుండా థింసా ఎలాగుంటుందో ఊహించుకున్నాను. మా అమ్మమ్మ కాలి అందెల చప్పుడు ఒక్కటే మిగులుతుంది. అప్పుడైనా ఆమె ఆపదు అనిపించింది.

బాల్యం

బిల్ 1878 మే 25న వర్జీనియా రాష్ట్రంలో రిచ్మండ్ అనే పట్నంలో పుట్టాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు లూథర్. ఆ పేరు అతనికి నచ్చలేదు. తమ్ముడి పేరు బిల్. ఆ పేరు తను లాక్కుని తమ్ముడికి వేరే పేరు పెట్టుకోమన్నాడు. తమ్ముడు పెర్సీ అయ్యాడు. మన హాస్టల్లో పళ్ళెం లాక్కున్నా ఊరుకోం, అతను పేరే లాక్కున్నాడు.

చిన్నప్పుడే అమ్మా నాన్నా ఇద్దరూ చనిపోయారు. నానమ్మే పెంచింది. ఆమె పేరు బెడీలియా. ఆమె ఒకప్పుడు బానిస. అమెరికాలో బానిసత్వం 1865లో పోయింది. అంటే బిల్ పుట్టేసరికి 13 ఏళ్ళే అయ్యింది. చట్టం పోయింది గాని మనుషుల మనసుల్లోంచి పోలేదు. నల్లవాళ్ళకి వేరే బడి, వేరే రైలు పెట్టె, వేరే గుమ్మం ఉండేవి.

బిల్ బడికి ఎక్కువ రోజులు వెళ్ళలేదు. బూట్లు పాలిష్ చేసేవాడు. నాటకశాలల బయట, సారా దుకాణాల ముందర డాన్సు చేస్తే జనం చిల్లర వేసేవారు. డాన్సు నేర్పే మాస్టారు ఎవరూ లేరు. వీధిలో చూసి నేర్చుకున్నాడు. తర్వాత ఇల్లు వదిలి వాషింగ్టన్ పారిపోయాడు. ఊరూరా తిరిగే నాటక బృందాల్లో చిన్న చిన్న వేషాలు వేశాడు.

1900లో న్యూయార్క్ వచ్చాడు. అక్కడ హ్యారీ స్విన్టన్ అని పేరున్న నర్తకుడు ఉండేవాడు. అతని మీద పోటీకి దిగి గెలిచాడు. ఊరు పేరు లేని కుర్రాడు పెద్దాయన్ని ఓడించాడని అందరికీ తెలిసింది.

(ఇక్కడి నుంచి ఆయన అని రాస్తాను, పెద్దవారైపోయారు గనక.)

ఒక్కడే రాకూడదు

ఆ రోజుల్లో వాడెవిల్ అనే ప్రదర్శనలు ఉండేవి. ఒకే టిక్కెట్టు మీద పాట, గారడీ, హాస్యం, డాన్సు వరసగా చూపించేవారు. అక్కడ ఒక రివాజు ఉండేది. నల్లవాళ్ళు స్టేజీ మీదకి ఇద్దరేసి రావాలి. ఒక్కడే రాకూడదు. ఒక్క నల్లమనిషి ఒంటరిగా నిలబడి అందరి మెప్పు పొందడం వాళ్ళకి ఇష్టం లేదు. అందుకని బిల్ గారు 1902 నుంచి జార్జ్ కూపర్ అనే ఆయనతో జంటగా చేసేరు. పన్నెండేళ్ళ దాకా అలాగే గడిచింది.

ఇంకో రివాజు వింటే మీరు నమ్మరు. నల్లవాళ్ళ వేషం వేసేవాళ్ళు బిరడా కాల్చిన మసి మొహానికి పూసుకోవాలి. తెల్లవాళ్ళు పూసుకుని నల్లవాళ్ళని వెక్కిరించేవారు. చివరికి నల్లవాళ్ళు కూడా పూసుకోవాల్సి వచ్చింది. ఉన్న నలుపు చాలదని ఇంకా నలుపు. బిల్ గారు పూసుకోలేదు. తన మొహంతోనే స్టేజీ ఎక్కేరు.

కూపర్ గారు విడిపోయేక బిల్ గారు ఒక్కరే నిలబడ్డారు. తెల్లవాళ్ళ పెద్ద నాటకశాలల్లో ఒంటరిగా, మసి లేకుండా డాన్సు చేసిన మొదటి కొద్దిమంది నల్లవారిలో ఆయన ఒకరు.

మెట్ల నాట్యం

1918లో న్యూయార్క్‌లో ప్యాలెస్ థియేటర్ అనే పెద్ద నాటకశాలలో ఆయన మెట్ల నాట్యం చేసేరు. స్టేజీ మీద చిన్న మెట్లు పెట్టించేరు. ఒక పక్క ఎక్కడానికి, ఇంకో పక్క దిగడానికి. ఒక్కొక్క మెట్టు మీద ఒక్కొక్క చప్పుడు పలికేది. మెట్ల మీద డాన్సు అంతకుముందు వేరేవాళ్ళు కూడా చేసేరు. కాని బిల్ గారు చేసేక అది ఆయనదే అయిపోయింది.

ఆయన గొప్పతనం ఎక్కడుందంటే, అంతకుముందు వాళ్ళు అరికాలు మొత్తం నేలకి ఆన్చి బరువుగా కొట్టేవారు. ఈయన మునివేళ్ళ మీద తేలిగ్గా నిలబడి కొట్టేవారు. నడుము పైన ఒళ్ళు పెద్దగా కదలదు. మొహంలో కష్టం కనపడదు. చేసేదంతా కాళ్ళే. బూట్లకి లోహపు రేకులు కాకుండా చెక్కే వేసుకునేవారు. అందుకని చప్పుడు మోటుగా ఉండదు, స్పష్టంగా ఉంటుంది. నేను ఫోనులో విన్నప్పుడు ఒక్క చప్పుడు కూడా ఇంకోదానితో కలిసిపోలేదు.

మన పీఈటీ మేడమ్‌కి నచ్చే సంగతి ఒకటి. బిల్ గారు వెనక్కి పరుగెత్తడంలో దిట్ట. ముందుకు పరుగెత్తే వాళ్ళకి కొంచెం దూరం ఎక్కువ పెట్టి, తాను వెనక్కి పరుగెత్తి పందెం గెలిచేవారు.

1928లో బ్రాడ్వే అనే నాటకాల వీధిలో బ్లాక్‌బర్డ్స్ ఆఫ్ 1928 అనే సంగీత నాటకం వచ్చింది. అందులో నటులంతా నల్లవారే. 518 సార్లు ఆడింది. అప్పుడే తెల్లవారి పత్రికలు ఆయన్ని కొత్తగా కనిపెట్టినట్టు తెగ పొగిడేయి. అప్పటికి ఆయనకి 50 ఏళ్ళు. కాళ్ళు అరిగేలా 40 ఏళ్ళు డాన్సు చేసేక వాళ్ళకి కనపడ్డారు.

షిర్లీ అనే చిన్నపిల్ల

షిర్లీ టెంపుల్ అని ఒక తెల్ల పిల్ల. అమెరికా అంతా ఆమెను ముద్దు చేసేది. 1935లో వచ్చిన ది లిటిల్ కల్నల్ సినిమాలో బిల్ గారు ఆమెతో మెట్ల మీద డాన్సు చేసేరు. నేను చూసింది అదే. ఆమెకు ఆరేళ్ళు, ఆయనకు 56 ఏళ్ళు.

ఆ డాన్సు ఆమెకు ఆయనే నేర్పేరు. ఆయన అడుగులన్నీ ఆరేళ్ళ పిల్ల వెయ్యలేదు. అప్పుడు ఆయన కోప్పడలేదు, అడుగుల్నే మార్చేరు. మెట్టు నిలువు చెక్కని బూటు ముక్కుతో తన్నితే చప్పుడు వస్తుంది, అది పిల్లకి సుళువు. కాని ఒక్క విషయంలో ఆయన తగ్గేవారు కాదు. ప్రతి చప్పుడూ స్పష్టంగా వినపడాలి. లేకపోతే మళ్ళీ మొదటి నుంచి. షిర్లీ ఆయన్ని అంకుల్ బిల్లీ అని పిలిచేది. పెద్దయ్యేక కూడా ఆయన్ని ప్రేమగా తలుచుకుంది.

ఆ డాన్సులో నల్లమనిషి తెల్లపిల్ల చెయ్యి పట్టుకుంటాడు. హాలీవుడ్ సినిమాలో అలా జంటగా డాన్సు చెయ్యడం అదే మొదలు అంటారు. దక్షిణ రాష్ట్రాల్లో చాలా సినిమా హాళ్ళలో చెయ్యి తగిలే ముక్క కోసేసి వేసేరు. ఇంకా విచారమేమంటే, రిహార్సళ్ళకి పామ్ స్ప్రింగ్స్ అనే ఊరు వెళ్ళినప్పుడు షిర్లీ వాళ్ళు మంచి హోటల్లో దిగేరు. ఆమెకు నేర్పే గురువు గారికి మాత్రం మందుల షాపు పైన డ్రైవర్లు ఉండే గది ఇచ్చేరు. ఈ మాట షిర్లీయే పెద్దయ్యేక చెప్పింది.

ఆ పిల్లతో ఆయన నాలుగు సినిమాల్లో నటించేరు. 1936లో డింపుల్స్ అనే సినిమాలో ఆయన నటించలేదు గాని ఆమెకు డాన్సులు కూర్చేరు. అదే సంవత్సరం ఫ్రెడ్ ఆస్టైర్ అనే తెల్ల నర్తకుడు బిల్ గారి మీద గౌరవంతో స్వింగ్ టైమ్ సినిమాలో ఒక డాన్సు చేసేడు. గౌరవం మంచిదే. కాని మొహానికి నల్లరంగు పూసుకుని చేసేడు. బిల్ గారు పూసుకోనన్న రంగే అది!

నవ్వు మీద తగాదా

ఇప్పుడు కష్టమైన సంగతి రాస్తాను. మంచి మాత్రమే రాస్తే అది పూర్తి జీవితం కాదని తెలుగు మేడమ్ చెప్పేరు.

సినిమాల్లో ఆయనకి ఇచ్చినవి చాలా వరకు పనివాడి వేషాలే. ది లిటిల్ కల్నల్‌లో ఇంటి నౌకరు. ది లిటిలెస్ట్ రెబెల్‌లో దొర కుటుంబాన్ని ప్రేమించే బానిస. ఎప్పుడూ నవ్వుతూనే ఉండాలి. బానిసగా బతికిన నానమ్మ పెంచిన పిల్లాడు, సినిమాలో సంతోషంగా ఉన్న బానిసగా నటించేడు. ఇది చదివి నాకు చాలాసేపు ఏమీ తోచలేదు. నల్లవారిలోనే చాలామంది ఆయన మీద కోప్పడ్డారు. దొరల ముందు నవ్వి బతికేడని అన్నారు.

ఇంకో పక్క చూస్తే, 1937లో నల్లజాతి నటులు తమకోసం సంఘం పెట్టుకుంటే దానికి గౌరవ అధ్యక్షుడిగా ఉన్నది ఈయనే. 1943లో స్టార్మీ వెదర్ సినిమా వచ్చింది. అందులో నటులంతా నల్లవారు, కథ కొంతవరకు ఆయన జీవితమే. 65 ఏళ్ళ వయసులో ఆయనే హీరో. అక్కడ ఆయన ఎవరి నౌకరూ కాదు.

ఏది నిజమైన బిల్ గారు? రెండూ ఆయనే అని నాకు అనిపిస్తుంది. ఇచ్చిన వేషం వాళ్ళది, కాలి చప్పుడు మాత్రం ఆయనది. కాని ఆ నవ్వు ఎవరిదో నాకింకా తెలియడం లేదు.

చివరి రోజులు

1933లో ఆయన తన పుట్టిన ఊరు రిచ్మండ్ వెళ్ళినప్పుడు, ఇద్దరు పిల్లలు బళ్ళ మధ్యలోంచి ప్రమాదంగా రోడ్డు దాటడం చూసేరు. అక్కడ ట్రాఫిక్ లైటు లేదు. తన సొంత డబ్బుతో లైటు పెట్టించేరు. 1973లో సరిగ్గా ఆ కూడలి దగ్గరే ఆయన విగ్రహం నిలబెట్టేరు. మెట్లు దిగుతూ డాన్సు చేస్తున్నట్టు ఉంటుంది.

ఆయన వారానికి వేల డాలర్లు సంపాదించిన రోజులున్నాయి. అడిగిన వారికల్లా ఇచ్చేసేవారు. జూదం కూడా ఆడేవారు. అది మంచి అలవాటు కాదు. 1949 నవంబరు 25న న్యూయార్క్‌లో గుండె జబ్బుతో చనిపోయేనాటికి చేతిలో డబ్బు లేదు. ఎడ్ సలివాన్ అనే టీవీ ఆయన అంత్యక్రియల ఖర్చు పెట్టేడు. నల్లవారు ఎక్కువగా ఉండే హార్లెం పేటలో వేలాదిమంది వరసలో నిలబడి ఆఖరి చూపు చూసేరు. తర్వాత 40 ఏళ్ళకి, 1989లో, ఆయన పుట్టినరోజు మే 25ని అమెరికా ప్రభుత్వం ట్యాప్ డాన్స్ దినంగా ప్రకటించింది.

నేనెందుకు మానేసేను

ఆగస్టులో మన టీముని ఒక సభకి తీసుకెళ్ళేరు కదా. పొద్దున్న ఆరింటికే చీరలు కట్టుకుని, పూలు పెట్టుకుని ఎండలో నిలబడ్డాం. పెద్దలు మధ్యాహ్నం వచ్చేరు. మేము థింసా చేసుకుంటూ వాళ్ళని స్టేజీ దాకా తీసుకెళ్ళేం. మా మధ్యలో నిలబడి ఫోటోలు తీయించుకున్నారు. మా పేర్లు ఎవరూ అడగలేదు. తర్వాత మైకులో ఒకాయన ఈ పిల్లల రక్తంలోనే డాన్సు ఉంది, వీళ్ళకి చదువులు కష్టం అన్నారు. అందరూ చప్పట్లు కొట్టేరు. మేమూ కొట్టేం. ఆ ముందు వారమే నాకు లెక్కల్లో 91 మార్కులు వచ్చేయి. మేము భోజనానికి వెళ్ళేసరికి కూర అయిపోయింది.

ఆ రోజు రాత్రి అందెలు తీసి పెట్టెలో అడుగున పెట్టేసేను. థింసా వల్లే నన్ను తక్కువగా చూసేరు అనుకున్నాను.

దసరా సెలవులకి ఇంటికెళ్తే అమ్మమ్మ వరసలో నిలబడమంది. చదువుకోవాలని చెప్పి లోపల కూర్చున్నాను. మా ఇంట్లో ముందుగా చదువుకున్నది నేనే. అందుకే ఆ మాట చెప్తే ఎవరూ ఏమీ అనరు. అమ్మమ్మ నన్నేమీ అనలేదు. బయట రాత్రి చాలాసేపు చప్పుడు వినపడింది. పుస్తకం తెరిచి ఉంది గాని ఒక్క ముక్క చదవలేదు.

బిల్ గారి జీవితం చదివేక నాకు ఒకటి అర్థమైంది. ఆయన్ని తక్కువగా చూసింది డాన్సు కాదు, మనుషులు. ఆ డాన్సు అంతకుముందు డప్పు పోగొట్టుకున్న వాళ్ళని కాపాడింది. నా థింసా నాకేమీ చెడు చెయ్యలేదు. నేను కోపం ఒకరి మీద పెట్టుకుని శిక్ష అమ్మమ్మకి వేసేను.

అందుకని మళ్ళీ టీములో చేరతాను. కాని వార్డెన్ మేడమ్ గారికి రెండు విన్నపాలు.

1. ఇక మీదట బయట డాన్సు చేస్తే, ముందుగా మాలో ఒకరికి మైకు ఇప్పించాలి. డాన్సు పేరు, ఎప్పుడు చేస్తామో, మా పేర్లు, మేము ఏ తరగతో రెండు నిమిషాల్లో చెప్పుకుంటాం.

2. 5వ తరగతి చెల్లెళ్ళకి అడుగులు రావడం లేదు. ఆదివారం సాయంత్రం నేను నేర్పుతాను. చిన్న కాళ్ళకి తగ్గట్టు అడుగు మార్చుకోవచ్చు, చప్పుడు మాత్రం స్పష్టంగా రావాలి. వరండా మెట్ల దగ్గర అయితే చప్పుడు బాగా తెలుస్తుంది. మెట్ల మీద అల్లరి చెయ్యకూడదని రూలు ఉంది. ఇది అల్లరి కాదు మేడమ్.

చదివిన వాళ్ళకి ఒక ప్రశ్న. బిల్ గారు ఆ నౌకరు వేషాలు వేసి ఉండాల్సిందా, వద్దనాల్సిందా? జవాబు కాగితం మీద రాసి గోడ పత్రిక కింద ఉన్న అట్టపెట్టెలో వెయ్యండి. పేరు రాయండి. వచ్చే నెల అతికిస్తాం.

తప్పులుంటే క్షమించగలరు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని